బదులు నడక

మార్చి 4
మొదటి సత్రం నుంచి

వదినా,

చేరాను. నువ్వు భయపడినట్టు బస్సులో సంచీ మర్చిపోలేదు, ఎవరితోనూ పోట్లాట పెట్టుకోలేదు. రెండోది మాత్రం కొద్దిలో తప్పింది. ఆ సంగతి ఇంటికొచ్చాక చెబుతాను.

ఇక్కడి గుమాస్తా నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "సొంత మొక్కా, బదులు నడకా?" అని అడిగాడు. బదులే, మా వదిన మొక్కుకుంది, మోకాలు విరిగింది, ఆవిడ తరఫున నేనొచ్చాను అన్నాను. వెంటనే చెయ్యి అడ్డం పెట్టి, "ఇదే ఆఖరు. ఇంకోసారి మా వదిన అనకూడదు" అన్నాడు. ఈ దారి కట్టుబాటు అదట. ఇప్పటి నుంచి కొండ మీది గుడి చివరి తలుపు దాటేదాకా నేను నేను కాదు, నువ్వు. ఎవరు పలకరించినా నీ వివరాలే చెప్పాలి. నీ మోకాలు, నీ ఇల్లు, నీ మొగుడు. దారిలో నా సొంత సంగతి ఒక్కటి నోరు జారినా మొక్కు చెల్లదట.

సరే, ఒప్పుకున్నాను. అప్పుడు మొదలుపెట్టాడు. మీవారు ఏం చేస్తారు? కళ్ళద్దాల కొట్టు. మొక్కు దేనికి? ఆయన గుండె ఆపరేషన్‌కి. నయమైందా? అయింది, ఇప్పుడు జోకులు కూడా వేస్తున్నాడు. "ఆయనంటే మీకెంత ప్రేమ లేకపోతే ఇంత దూరం నడవడానికొస్తారు!" అన్నాడు. వదినా, సొంత అన్నయ్యను పట్టుకుని మావారు అని చెప్పి, పైగా ప్రేమ అంటే తల ఊపాను. గది బయటికొచ్చి చెంపలు వేసుకున్నాను. నీ ఒక్కదాని కోసమే ఇదంతా.

ఫోన్లు కూడా ఒప్పుకోరు. గుడ్డ సంచీలో వేసి మూతి కుట్టేశాడు. ఉత్తరాలు రాసుకోవచ్చట, వాటికి ఆ కట్టుబాటు లేదట. నువ్వు ముందున్న సత్రాలకి రాస్తే నేను చేరేదాకా తీసిపెడతారు. జాబితా ఇంటి గోడకి అంటించి వచ్చాను, చూసుకో.

అద్దాలు అరగదీసే సానరాయి యంత్రంలో నీళ్ళు పోయడం మర్చిపోవద్దని అన్నయ్యకి చెప్పు. నీళ్ళు లేకుండా గాజు పెడితే చక్రం పోతుంది. నువ్వు స్టూలెక్కకు. ఆ స్టూలే కదా నీ మోకాలు తీసింది.

బొబ్బలు నావి, పుణ్యం నీది.

నీ ఆడపడుచు


మార్చి 9
ఇంటి నుంచి

మరదలు పిల్లకి,

నలభై ఆరేళ్ళదాన్ని పిల్ల అంటావేమిటని మూతి ముడుచుకోకు. నేను ఈ ఇంటికొచ్చేసరికి నువ్వు రెండు జడలేసుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నావు. నాకు నువ్వు ఎప్పటికీ అంతే.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "మావారు" దగ్గర నవ్వీ నవ్వీ కుట్లు నొప్పెడుతున్నాయని పడుకున్నాడు. మనిషి బాగున్నాడు. పొద్దున వీధి చివరిదాకా నడిచొస్తున్నాడు. డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడు కానీ నోరు వాడొద్దని అనలేదు, ఏం చేస్తాం.

కొట్టు సంగతి అడగకు. గాజు అరగదీయడం నాకూ వచ్చని ఒంటికాలి మీద లేచాడు. సంగీతం టీచరుగారి కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాడు. ఆవిడ మన మెట్లు దిగి, కరెంటు స్తంభాన్ని కావలించుకుని, అక్కడి నుంచే కేకేసింది. నేను కుర్చీలోంచి లేవలేను. మీ అన్నయ్య పరిగెత్తకూడదు. ఆవిడ కదలలేదు. ముగ్గురం ఎక్కడివాళ్ళం అక్కడే ఉండి అరుచుకున్నాం. నువ్వు లేకపోతే ఈ కొట్టు ఇంత అందంగా నడుస్తోందన్నమాట.

ఒక్కటే చెబుతాను, ఇది మాత్రం వేళాకోళం కాదు. ఆ కట్టుబాటు తప్పకు. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని, ఆ ఎర్రదీపం ఆరేదాకా నేను అనుకున్నది ఒక్కటే: ఆయన లేచి కూర్చుంటే నడుస్తాను. ఆయన లేచి కూర్చున్నాడు. నేనే కూలబడ్డాను. నా మాట నీ కాళ్ళ మీద ఉంది. నాలాగే ఉండు. నాలాగే మాట్లాడు. అంటే కాస్త గట్టిగా, కాస్త ఎక్కువగా.

దారిలో మంచివాడెవరైనా కనబడితే అని రాయబోయి ఆగిపోయాను. ఇప్పుడు నువ్వు నేను కదా, నాకు పెళ్ళయిపోయింది!

కాళ్ళకి వేణ్ణీళ్ళు పెట్టుకో. చెప్పినట్టు విను.

వదిన


మార్చి 17
చెరువు పక్కన సత్రం

వదినా,

నీలాగా మాట్లాడమన్నావుగా. నోరు నొప్పెడుతోంది.

ఇక్కడ ఒకాయన తోడు నడుస్తున్నాడు. భయపడకు, ఇంకా పదిమంది ఉన్నారు. కాకపోతే అందరూ ఎవరి తొందరలో వాళ్ళు పోతారు, ఈయన నా నడకకి నడక కలిపాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పాతికేళ్ళుగా పైకీ కిందికీ తప్ప ఎటూ వెళ్ళలేదండీ, ఒకసారి ముందుకి వెళ్దామని వచ్చాను అన్నాడు. నవ్వకుండా చెప్పాడు. నేను అర కోసు నడిచాక గుర్తొచ్చి నవ్వాను.

అసలు నేను ఆయన్ని చూడలేదు, ఆయన కళ్ళజోడు చూశాను. ఒక పక్క కాడ వదులై, దారంతో కట్టి, మొత్తం ఎడమ చెవి మీదికి ఒరిగిపోయి ఉంది. నా సంగతి నీకు తెలుసుగా, అలాంటిది కనబడితే నాకు చెయ్యి దురద. రెండు మలుపులు ఓర్చుకున్నాను. మూడో మలుపు దగ్గర "ఇలా ఇవ్వండి" అని లాక్కుని, సంచీలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, బిగించి, వంపు సరిచేసి ముక్కు మీద పెట్టాను. ఆయన అటూ ఇటూ చూసి, "అరె, రోడ్డు తిన్నగానే ఉందే!" అన్నాడు. మీకీ పని ఎలా వచ్చని అడిగాడు. నువ్వు గల్లాపెట్టె తప్ప స్క్రూ ముట్టుకున్నదానివి కాదు. ఏం చెప్పను? మావారి పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకున్నాను అన్నాను. వదినా, ఇరవై ఏళ్ళ పైబడి నేను చేసిన పని, "చూసి నేర్చుకున్నాను" అనాల్సొచ్చింది.

భార్య పోయి చాలా ఏళ్ళయిందట. కూతురు నర్సు, పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో ఉంది. "ఇంట్లో ఇంకో మనిషి ఉండడం ఎట్లా ఉంటుందో మర్చిపోయానండీ, చెప్పండి వింటాను" అంటాడు. ఏం చెప్పాలి? నీ కాపురం చెబుతున్నాను. మీవారు గురక పెడతారా అన్నాడు. గోడవతలికి వినబడేంత అన్నాను. గోడవతల ఎవరుంటారు అన్నాడు. మా ఆడపడుచు అన్నాను.

అదీ ఇప్పటి పరిస్థితి. ఆయనకి ఇప్పుడు నా ఆడపడుచు గురించి కూడా వినాలనుంది. అంటే నా గురించి. నేను నువ్వై, నన్ను గురించి చెబుతున్నాను. పెళ్ళి చేసుకోలేదు, మొండిది, పొద్దున్నే పలకరిస్తే కరుస్తుంది, కానీ పని దగ్గర వంక పెట్టలేం అని చెప్పాను. దానికి ఆయన, "మీరు ఆవిడ గురించి చెప్పేటప్పుడు కాస్త కఠినంగా ఉంటారండీ. పాపం, మంచిదనిపిస్తోంది" అన్నాడు.

నీ పేరు చెడగొట్టానేమో. తర్వాత సర్దుతాను.

ఎండకి ముక్కు తోలు లేచిన

నీ ఆడపడుచు


మార్చి 22
ఇంటి నుంచి

ఓసి నీ దుంప తెగ!

నేను నిన్ను కఠినంగా చూస్తానా? నిన్ను? ఆ లిఫ్టాయన ముందు నన్ను గయ్యాళిని చేసి కూర్చోబెట్టావా? రేపు ఆయన దారిన పోయే ప్రతివాడికీ చెబుతాడు, ఫలానా కళ్ళద్దాల కొట్టావిడ ఆడపడుచును రాచిరంపాన పెడుతుందట అని. వెంటనే దిద్దు. ఇలా చెప్పు, అక్షరం పొల్లుపోకుండా:

మా ఆడపడుచు నాకు చెల్లెలి కంటే ఎక్కువ. నోరు చేదు, చెయ్యి బంగారం. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు తిడుతుంది, తర్వాత తెల్లారేదాకా కూర్చుంటుంది. పెళ్ళిచూపులకి ఎంతమంది వచ్చినా అందరికీ వంక పెట్టింది. ఒకడు చెప్పులు ఈడుస్తాడని, ఒకడు అద్దాలు చొక్కా అంచుతో తుడుస్తాడని.

ఇంకో సంగతి. పరాయి ఆడదాని మొగుడు గురక పెడతాడా లేదా అని అడిగే మగాడు ఎలాంటివాడే? నాకైతే అనుమానంగా ఉంది. ఇవాళ గురక అడిగాడు, రేపు బీరువా ఎటు పక్కనుందని అడుగుతాడు. సంచీ తలకింద పెట్టుకుని పడుకో. మీ అన్నయ్య మాత్రం ఆయన వైపే. "పాపం, ఒంటరివాడు, శబ్దం కోసం మొహం వాచి ఉంటాడు" అంటున్నాడు. అంత జాలి ఉంటే ఆయన గురక పంపిస్తాను, తీసుకోమను.

మోకాలు కాస్త వంగుతోంది. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళాను. మీ అన్నయ్య చప్పట్లు కొట్టాడు, నాకు ఒళ్ళు మండింది.

జాగ్రత్త. నిజంగానే జాగ్రత్త.

గయ్యాళి వదిన


మార్చి 30
వంతెన దగ్గర సత్రం

వదినా,

ఇది అన్నయ్యకి చదివి వినిపించకు. ముందు నువ్వు ఒక్కదానివే చదువు.

నువ్వు రాసిచ్చినదంతా అప్పజెప్పాను. ఆయన విని, "చొక్కా అంచుతో తుడిస్తే ఏమవుతుంది?" అన్నాడు. గీతలు పడతాయండీ అన్నాను. అప్పటి నుంచి జేబులో మెత్తటి గుడ్డ పెట్టుకుని తిరుగుతున్నాడు. దొంగ కాదు వదినా. బీరువా సంగతి ఇంతవరకూ అడగలేదు.

నిన్న మధ్యాహ్నం వాన పట్టుకుంది. పాత టోల్ గదిలో తలదాచుకున్నాం. అక్కడ ఆయన ఈ దారికి ఎందుకొచ్చాడో చెప్పాడు. పోయినేడు ఒక ఆసుపత్రి లిఫ్టులో పనిచేస్తుంటే, రెండు అంతస్తుల మధ్య తనే ఇరుక్కుపోయాడట. లోపలున్న ఫోను తీస్తే అవతల అమ్మాయి, "కంగారు పడకండి, మనుషులొస్తున్నారు, ఈలోగా మీ ఇంట్లో ఎవరికి చెప్పమంటారు?" అని అడిగిందట. ఈయన ఆలోచించి ఆలోచించి కంపెనీ నంబరు చెప్పాడట. "కూతురు డ్యూటీలో ఉంటుంది, కంగారు పెట్టడమెందుకని అనుకున్నానండీ. కానీ అది కాదు. నేను ఆలస్యమైతే ఎందుకింకా రాలేదని తలుపు వైపు చూసే మనిషి లేదు" అన్నాడు. వాన చప్పుడులో అది ఎంత మామూలుగా చెప్పాడో! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అద్దాలు తుడుచుకుంటున్నట్టు నటించాను, నాకు కళ్ళజోడు లేదన్న సంగతి కూడా మర్చిపోయి.

తర్వాత, "మీవారు అదృష్టవంతుడండీ" అన్నాడు. ఇది నాలుగోసారో ఐదోసారో అనడం. ప్రతిసారీ తలుపు సందులో వేలు చిక్కుకున్నట్టు ఉంటుంది నాకు.

వదినా, నాకు ఆయనంటే ఇష్టం. రాసేశాను. నవ్వాలనిపిస్తే తలుపేసుకుని నవ్వు. నువ్వు తెచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టాను కదా, అప్పుడు నాకు నిజంగానే అక్కర్లేదు. సానరాయి ముందు కూర్చుంటే నాకు సమయమే తెలిసేది కాదు. ఇప్పుడు పొద్దున చెప్పులు తొడుక్కుంటూ, ఆయన తొడుక్కున్నాడా అని చూస్తున్నాను. నాకే సిగ్గుగా ఉంది.

ఆయన నన్ను మొగుడున్న ఆడదాన్ననుకుని ఒక గజం దూరం జరిగి నడుస్తాడు. ఆయనకి ఒక్క మాట చెప్పనా? నేను ఆవిడని కాదు అని ఒక్క మాట. అది చెబితే మొక్కు పోతుందని నాకు తెలుసు. అన్నయ్య ఆరోగ్యం మీద నీకున్న భయం కూడా తెలుసు. నువ్వు వద్దంటే చెప్పను. కానీ త్వరగా రాయి, కొండ దగ్గర పడుతోంది.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 4
ఇంటి నుంచి

నా తల్లే, నా బంగారమే,

తలుపేసుకున్నాను కానీ నవ్వలేదు. ఏడ్చాను. మీ అన్నయ్య తలుపు కొట్టి, మోకాలా అని అడిగాడు. మోకాలే అన్నాను.

ముందు భయం సంగతి చెబుతాను. మొన్న మీ అన్నయ్యకి ఛాతీలో పట్టేసినట్టయింది. డాక్టరు చూసి, గ్యాసు, రాత్రి అంత తినకండి అన్నాడు. కానీ ఆ గంటసేపూ నా ప్రాణాలు నా దగ్గర లేవు. నువ్వు చదువుకున్నదానివి, ఇదంతా ఉత్తిదే అనొచ్చు. నాకూ పగటిపూట అలాగే అనిపిస్తుంది. కానీ కట్టుబాటు తెగి, ఆ మర్నాడు ఆయనకేదైనా అయితే, నేను నీ మొహం చూడగలనా? నువ్వు నా మొహం చూడగలవా? అందుకని నువ్వెవరో మాత్రం చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

కానీ నేనేం ఊరికే కూర్చోలేదు. పొద్దుట్నుంచీ బుర్ర బద్దలుకొట్టుకుని దారి కనిపెట్టాను. విను. నువ్వు ఇప్పుడు ఎవరు? నేను. నాకో ఆడపడుచు ఉంది, పెళ్ళి కాలేదు. ఆయనకి ఆవిడంటే మంచి అభిప్రాయం ఉంది. అలాంటప్పుడు వదిన అనేది ఏం చేస్తుంది? సంబంధం మాట్లాడుతుంది! అది నా హక్కు. కట్టుబాటు ఎక్కడా తెగదు. "మా ఆడపడుచును చేసుకుంటారా?" అని సూటిగా అడుగు. ఊ అంటే, కొండ దిగాక పెళ్ళిచూపుల్లో నిన్ను చూసి నోరు తెరుచుకుంటాడు. నాకు ఆ మొహం చూడాలనుంది.

అడిగేటప్పుడు నీ వయసు తగ్గించకు, అబద్ధాలు వద్దు. బిగుసుకుపోకు. నాలాగా చేతులు తిప్పుతూ అడుగు.

ఇంకొకటి కూడా చెబుతాను, చెప్పకుండా ఉండలేను. నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో పోట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు. మీ అన్నయ్య దేనికైనా సరేనంటాడు, ఆ మనిషితో ఏం పోట్లాట? అయినా అడుగు. నా దిగులు నేను చూసుకుంటాను.

పెళ్ళిపెద్ద వదిన


ఏప్రిల్ 11
కొండ కనబడే సత్రం

వదినా,

అడిగాను. వద్దన్నాడు.

నువ్వు చెప్పినట్టే అడిగాను. దారి పక్క రాతిబల్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నప్పుడు, మా ఆడపడుచు ఉంది కదా, మీకు తగిన మనిషి, చేసుకుంటారా అన్నాను. చేతులు కూడా తిప్పాను. ఆయన సీసా మూత పెట్టడం మర్చిపోయాడు. నీళ్ళన్నీ ఒళ్ళో పోయాయి. సీసా పక్కన పెట్టి, "క్షమించండి. మీ ఆడపడుచును నేను చేసుకోలేను" అన్నాడు. ఎందుకని అడిగాను. ఆవిడకేం తక్కువ అని కూడా అడిగాను, నాలుక కొరుక్కుంటూనే. "ఆవిడకేం తక్కువ లేదు. కారణం చెప్పలేనండీ. మీకు అస్సలు చెప్పలేను" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన మంచం ఖాళీ. "నా నడక కాస్త వేగం, ముందు పోతున్నాను, మీవారిని అడిగానని చెప్పండి" అని నాకు చెప్పమని గుమాస్తాతో చెప్పి వెళ్ళాడట.

కాబట్టి వదినా, ఆయన నా గురించి అంతా విన్నాడు. వయసు, పని, మొండితనం, మంచీ చెడూ అంతా. అంతా విని వద్దనుకున్నాడు. ఇన్నాళ్ళూ నేను ఒక్కొక్కరికీ వంక పెట్టాను, నాకు పెట్టేవాడు ఇప్పుడు దొరికాడు. తప్పు ఆయనది కాదు. మనిషి మర్యాదగానే చెప్పాడు.

పిలిచి చెప్పొచ్చు, పరిగెత్తి పట్టుకుని నిజం చెప్పొచ్చు అని ఒక్క క్షణం అనిపించింది. చెప్పి ఏం లాభం, చెప్పేదాన్నే వద్దన్నాడు కదా. పైగా అన్నయ్య ఉన్నాడు. నీ మొక్కు ఎక్కడా తెగలేదు. ఇంకో వారం పది రోజుల్లో తలుపు దాటేసి వచ్చేస్తాను, నిదానంగా నడుస్తున్నాను. పాదం బొబ్బ చితికింది. వచ్చాక ఈ సంగతి ఎత్తొద్దు. సంగీతం టీచరుగారి జోడు నేనొచ్చి సరిచేస్తాను, అన్నయ్యని ముట్టుకోవద్దను.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 16
ఆఖరి సత్రం నుంచి

మొద్దు మొహమా,

పైన చూశావా ఎక్కడి నుంచి రాస్తున్నానో? మళ్ళీ చూడు. కళ్ళద్దాల కొట్టులో పనిచేస్తూ నీకు ఎదురుగా ఉన్నది కనబడదేమే?

నీ ఉత్తరం వచ్చిన రోజు ఈసారి దాచలేదు, ఇద్దరం కలిసి చదివాం. "మీకు అస్సలు చెప్పలేను" దగ్గరికి రాగానే నేను నెత్తి కొట్టుకున్నాను. ఆయన వద్దన్నది నా ఆడపడుచునే, నిన్ను కాదు! ఎదురుగా కూర్చున్నదాని మీద మనసు పెట్టుకుని, ఆవిడ ఇంట్లోనే ఇంకొకరిని పెళ్ళాడి రోజూ ఆవిడ మొహం చూస్తూ బతకాలా? అంత మాట ఆవిడకే ఎలా చెబుతాడు? మర్యాదస్తుడు గనక పారిపోయాడు. ఇదంతా నా తెలివి. నా బుర్రని నేనే మెచ్చుకుని నిన్ను తీసుకెళ్ళి ముళ్ళలో పడేశాను.

మీ అన్నయ్య నా మీద మొదటిసారి గొంతెత్తాడు. "నేను బతికి ఉన్నది డాక్టరు కోసిన కోతకీ, నువ్వు వేసే మాత్రలకీ. మా చెల్లెలు నోరు కట్టుకుని ఏడుస్తూ నడిస్తే నా గుండె బాగుపడుతుందా? అలాంటి ఆరోగ్యం నాకొద్దు" అన్నాడు. నేనూ అరిచాను. నాకు మీరు కావాలి, అదీ కావాలి, ఎవర్ని వదులుకోమంటారు అని. అరుస్తూనే నాకు తట్టింది. మొక్కుకున్నది నేను. నేనే వచ్చి నా కాళ్ళతో నడిస్తే, నా బదులు ఇంకొకరెందుకు? కొట్టుకి తాళం వేసి బస్సెక్కాం. మోకాలికి పట్టీ, చేతికి రెండు కర్రలు. కొండకి దగ్గరిదాకా బస్సు రోడ్డుందట, ఆ సంగతి నీ గుమాస్తా మొదటిరోజే చెప్పి ఉంటే బాగుండేది.

ఇవాళ పొద్దున ఇక్కడి గుమాస్తా ముందు కూర్చున్నాను. వివరాలు చెప్పమన్నాడు. కళ్ళద్దాల కొట్టు, మావారికి గుండె ఆపరేషన్, మోకాలు విరిగింది, పిల్లల్లేరు, ఇంట్లో ఒక ఆడపడుచు, పెళ్ళి కాలేదు అని గడగడా చెప్పాను. గుమాస్తా రాయడం ఆపి, ఈ వివరాల మనిషి ఒకావిడ వెనకాల వస్తోందని కబురుంది కదమ్మా అన్నాడు. వచ్చేది నా బదులు నడుస్తున్న నా ఆడపడుచు, నేను అసలు మనిషిని, ఇక నుంచి నేనే నడుస్తాను, దాన్ని వదిలెయ్యండి అన్నాను. సరేనమ్మా, మొక్కు మీది, కాళ్ళు మీవి, ఇక ఆవిడ ఆవిడే అన్నాడు.

అప్పుడు వెనకాల బల్ల మీద ఎవరో గ్లాసు కింద పడేశారు. తిరిగి చూస్తే, పొడుగ్గా ఒకాయన, కళ్ళజోడు తిన్నగా ఉంది, జేబులోంచి మెత్తటి గుడ్డ వేలాడుతోంది. కొండెక్కి దిగొచ్చి, ఇంటికెళ్ళే బస్సు కోసం సంచీ కట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూశాడు. పక్కనే గోడకి ఆనుకుని మీ అన్నయ్య నిద్రపోతున్నాడు, ఆ గురక విన్నాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"గోడవతల ఉండేది ఎవరండీ?" అన్నాడు.

"మా ఆడపడుచు" అన్నాను.

"పొద్దున్నే పలకరిస్తే కరిచేదీ?"

"అదే. మీరు వద్దన్నది కూడా దాన్నే" అన్నాను.

ఆయన ఒళ్ళోని సంచీ కింద పెట్టేశాడు. మీ అన్నయ్యని లేపాను. ఇద్దరం కలిసి నీ సంగతంతా చెప్పాం, ఎవరి బదులు నడిచావో, ఎందుకు నోరు కట్టుకున్నావో. ఆయన తల వంచుకుని విన్నాడు. చివరికి, "నేను ఇన్నాళ్ళూ మీవారి మీద అసూయపడ్డానండీ, సిగ్గుపడి పారిపోయాను" అన్నాడు మీ అన్నయ్యతోనే. మీ అన్నయ్య ఆయన భుజం మీద చెయ్యేసి, నా గురక మీద ఎవరూ అసూయపడక్కర్లేదు బాబూ అన్నాడు.

ఇంతలో బస్సు వచ్చింది, వెళ్ళింది. ఆయన అటు చూడనే లేదు. సంచీ భుజానికెత్తుకుని, కొండకి వీపు పెట్టి, మీరు వచ్చిన దారినే వెనక్కి బయల్దేరాడు. ఈ దారిలో ఇలా వెనక్కి నడిచినవాడు ఎవడూ లేడని గుమాస్తా అరుస్తున్నాడు. ఒక్క నిమిషం ఆగమని, ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి, ఇది గబగబా రాస్తున్నాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

రేపు పొద్దున్నుంచి నేను కొండెక్కుతాను. నాలుగు అడుగులకోసారి కూర్చుంటాను, మీ అన్నయ్య మడత కుర్చీ పట్టుకుని వెనకాలే వస్తాడు. ఎన్ని రోజులైతే అన్ని రోజులు. నా గురించి కంగారు లేదు. నువ్వు నన్ను మోసింది చాలు.

ఉత్తరం తెచ్చినాయన ఇప్పుడు నీ ఎదురుగా నిలబడి ఉంటాడు. నువ్వు చదవడం అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడొద్దని ఒట్టు వేయించుకున్నాను. పాపం, ఎంతసేపని నిలబడతాడు? కాగితం మడిచెయ్యి. తలెత్తు. నువ్వెవరో చెప్పు.

మీ వదిన